మద్దెల నిజంగానే ఓడైతే

యుద్ధనౌకల ప్లాస్టిక్ నమూనాలు కట్టాలని కొత్తగా సరదా పుట్టిన వారికి, అడిగినా అడగకపోయినా, ఒక సలహా తప్పకుండా దొరుకుతుంది: "మొదటిది ఎలాగూ పాడవుతుంది. చౌకగా దొరికే పాత కిట్ ఏదో ఒకటి కొనుక్కోండి. దానిమీద చెయ్యి తిరిగాక మంచి కిట్ల జోలికి వెళ్దురుగాని." చెప్పేవాళ్లు అనుభవజ్ఞులు, వినేవాళ్లు అయోమయంలో ఉన్నవాళ్లు. పైగా ఆ మాటలో పొదుపుంది, వినయముంది, మెట్టు మెట్టుగా ఎక్కాలన్న పెద్దల బుద్ధి ఉంది. ఇన్ని సుగుణాలున్న మాటను కాదనడం కష్టమే. అయినా కాదనక తప్పదు. మొదటి కిట్ పాడుచేయడానికి కొనేది కాదు. జీవితంలో కట్టబోయే కిట్లన్నిటిలో అచ్చు శ్రద్ధగా తీసినది, ముక్కలు చక్కగా కుదిరేది ఏదైనా ఒక్కటి ఉండాలంటే అది మొదటిదే కావాలి. చెయ్యి తిరిగినవాడు చెడ్డ కిట్‌ను ఎలాగో లొంగదీసుకుంటాడు. చెయ్యి తిరగనివాడికి అదే మొదటిదీ, అదే చివరిదీ అయ్యే ప్రమాదం ఉంది.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు అని ఒక సామెత ఉంది మనకు. తన చేతకానితనాన్ని పనిముట్టు మీదకు నెట్టేవాడిని వెక్కిరించే సామెత. దాని వెనక ఒక నమ్మకం దాగి ఉంది: మద్దెల బాగానే ఉందని. మద్దెల నిజంగానే ఓడైతే ఏమవుతుందో సామెత చెప్పదు. పదేళ్లుగా ఆడుతున్నవాళ్లు ఒక్క దెబ్బ వినగానే మద్దెల పగిలిందని పట్టేస్తారు. నిన్ననే గజ్జె కట్టినవాళ్లకు అది తెలియదు. తాళం తప్పినప్పుడల్లా తమ కాళ్లనే తిట్టుకుంటారు. పాత కిట్ ముందు కూర్చున్న కొత్తవాడి పరిస్థితి అచ్చం ఇదే. రెండు ముక్కల మధ్య సందు వస్తే అది తాను సరిగా కొయ్యకపోవడం వల్ల వచ్చిందో, అచ్చులోనే ఉందో తేల్చుకునే దారి అతనికి లేదు. తప్పు ఎవరిదో తేలకపోతే నేర్చుకోవడం అన్నదే జరగదు. నేర్చుకోవడమంటే ఈసారి చేసిన పొరపాటును గుర్తుపట్టి వచ్చేసారి మానుకోవడమే కదా. నా వాదన మొత్తం ఈ ఒక్క మాట మీద నిలబడింది: కొత్తవాడి చేతిలో ఉండాల్సింది, తప్పు జరిగితే అది తనదేనని నమ్మకంగా చెప్పగలిగే కిట్.

చెడ్డ కిట్ ఎందుకు చెడ్డదో తెలియాలంటే అది ఎలా తయారవుతుందో కొంచెం చూడాలి. ఉక్కు అచ్చులోకి కరిగిన పాలిస్టైరీన్‌ను గట్టి ఒత్తిడితో తోసి చల్లారుస్తారు. అచ్చు రెండు సగాలు తెరుచుకుంటే ముక్కలన్నీ ఒక చట్రానికి అంటుకుని బయటికి వస్తాయి. అచ్చు కొత్తగా ఉన్నప్పుడు ఆ రెండు సగాలు బిగువుగా మూసుకుంటాయి. ఏళ్ల తరబడి వాడాక అంచులు అరుగుతాయి. ఆ సందులోంచి ప్లాస్టిక్ కారి ముక్క చుట్టూ పలుచని రెక్కలా గడ్డకడుతుంది. దాన్నే ఫ్లాష్ అంటారు. రెండు సగాలు కాస్త పక్కకు జరిగితే గుండ్రంగా ఉండాల్సిన తెరచాప కొయ్యలాంటి స్తంభం నిలువునా చీలి, ఒక సగం పైకి, ఒక సగం కిందికి జారినట్టు కనిపిస్తుంది. ప్లాస్టిక్ మందంగా ఉన్నచోట చల్లారేటప్పుడు లోపలికి కుంగి గుంట పడుతుంది. ఇవి అరుగుదల దోషాలు. పాత కిట్లలో ఇంకొకటి కూడా ఉంది: అవి పుట్టిన కాలపు దోషం. అప్పట్లో పెద్ద సైజు నమూనాను చేత్తో చెక్కి, దాన్ని యంత్రంతో చిన్నది చేసి ఉక్కులోకి దింపేవారు. ఈనాడు కంప్యూటరులో గీసిన బొమ్మ నేరుగా అచ్చును కోసే యంత్రానికి వెళుతుంది. ముక్కకు ముక్క కుదరడంలో ఈ రెండు కాలాల మధ్య తేడా చిన్నది కాదు.

విమానమో ట్యాంకో అయితే ఈ తేడాను కొంతవరకు భరించవచ్చు. ఓడ విషయంలో అలా కాదు, చౌక కిట్ సలహా ఇచ్చేవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది ఇదే. విమానం రెక్క మొదట్లో సందు వస్తే పుట్టీ పెట్టి, ఆరాక ఎమెరీ కాగితంతో రుద్ది నున్న చేయవచ్చు. ఆ చుట్టుపక్కల పెద్దగా ఏమీ ఉండదు. ఓడలో డెక్కు పెంకు లోపల కూర్చుంటుంది. ముందు కొస నుంచి వెనక కొస దాకా రెండు వైపులా ఒకటే పొడవాటి అతుకు. ఆ అతుకును ఆనుకునే తాళ్లు చుట్టే మొట్లు, లంగరు గొలుసులు, గాలి గొట్టాలు, చెక్క పలకల గీతలు, అన్నీ డెక్కుతోపాటే పోతపోసి ఉంటాయి. అక్కడ ఎమెరీ కాగితం ఆడిస్తే సందుతోపాటు ఓడ కూడా చెరిగిపోతుంది. 1/600 స్కేలులో ఒక మిల్లీమీటరు సందంటే అసలు ఓడ మీద 60 సెంటీమీటర్ల కందకం. నావికుడు అందులో కాలు జారి పడాల్సిందే. దీన్ని అందంగా పూడ్చడం అనుభవజ్ఞులకే ఓర్పు పరీక్ష. అదే పనిని మొదటి పాఠంగా పెట్టి "నేర్చుకో" అంటున్నాం.

జిగురు సంగతి చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. ఈ పనికి వాడే పలుచని మోడల్ జిగురు ఫెవికాల్‌లా రెండు వస్తువుల మధ్య నిలిచి పట్టుకునేది కాదు. అది ప్లాస్టిక్‌ను కరిగించే ద్రావకం. రెండు ముక్కల్ని ముందు కలిపి పట్టుకుని, అతుకు మీద బ్రష్షు కొస ఆనిస్తే చాలు. దీపం వత్తిలోకి నూనె ఎక్కినట్టు ద్రవం దానంతటదే సందు వెంట పరుగెత్తుతుంది. రెండు అంచులూ కాస్త కరిగి ఒకటవుతాయి. చూడ్డానికి చిన్న అద్భుతంలా ఉండే ఈ పని జరగాలంటే ఒకే ఒక్క షరతు: అతుకు బిగువుగా ఉండాలి. సందు వెడల్పైతే ద్రవం పాకదు. పాకకపోతే కొత్తవాడు ఏం చేస్తాడు? ఇంకొంచెం జిగురు పోస్తాడు. అదీ చాలకపోతే మరికొంచెం. చివరికి డెక్కు అంచు మెత్తబడి, వేలిముద్ర పడి, ఓడ పక్క కుంగిపోతుంది. అతను నేర్చుకున్న పాఠం, జిగురు ఎక్కువ పోయాలని. తర్వాత మంచి కిట్ చేతికి వచ్చినప్పుడు కూడా అలాగే పోస్తాడు. చెడ్డ కిట్ నేర్పకుండా ఊరుకుంటే ఫరవాలేదు, తప్పుడు అలవాటు నేర్పి పంపుతుంది.

ఈ పాత కిట్లు ఎంత పాతవి అన్నది చాలామంది అనుకునే దానికన్నా పెద్ద ప్రశ్న. అమెరికాలో రెవెల్ కంపెనీ మిస్సౌరీ యుద్ధనౌక కిట్‌ను 1953లో తెచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం ముగింపు పత్రాలపై సంతకాలు జరిగిన ఓడ కాబట్టి జనం బాగానే కొన్నారు. అదే అచ్చు అదే తరగతికి చెందిన తోబుట్టువు ఓడల పేర్లతో కూడా దశాబ్దాల తరబడి పెట్టెలు మారుస్తూ వచ్చింది. దాని స్కేలు 1/535. ఈ అంకె ఎక్కడిదని తల బద్దలుకొట్టుకోనక్కర్లేదు, పెట్టె సైజును బట్టి ఓడను కుదించారు. అలాంటి ఓడ పక్కన రేపు ఇంకొక ఓడ పెడదామంటే ఏదీ జతపడదు. బ్రిటన్‌లో ఎయిర్‌ఫిక్స్ 1/600 వరుస ఎక్కువ భాగం 1950లు, 60ల నాటిది. ఒక తరం పిల్లలకు ఓడలంటే ఇష్టం పుట్టించిన ఘనత దానిదే, అందులో సందేహం లేదు. ఆ రోజుల్లో అంతకన్నా మంచిది దొరకలేదు కాబట్టి అది మంచి మొదటి కిట్. ఇప్పుడు దొరుకుతోంది కాబట్టి కాదు. జపాన్‌లో 1971లో షిజువొకా నగరపు కంపెనీలు నాలుగు, టామియా, హసెగావా, అవొషిమా, ఫుజిమి, ఓడల్ని పంచుకుని 1/700లో వాటర్‌లైన్ వరుస మొదలుపెట్టాయి. నీటిమట్టం పైభాగం మాత్రమే ఉండి, బల్ల మీద పెడితే సముద్రంలో ఉన్నట్టు కనిపించే ఓడలివి. ఈరోజు 1/700 ఓడల ప్రపంచం ఇంత పెద్దదైందంటే ఆ ఒప్పందమే కారణం. కానీ ఆ వరుసలో కూడా తొలినాటి అచ్చులూ, 1990ల తర్వాత మళ్లీ కొత్తగా తీసిన అచ్చులూ ఒకే గుర్తు కింద అమ్ముడయ్యాయి. పెట్టె మీద బొమ్మ కొత్తది, కాగితం మెరుస్తోంది, లోపలి ఉక్కు తాతలనాటిది. కొత్తవాడు కొనేది బొమ్మను చూసే. రంగులు, బ్రష్షు, జిగురు కలిపి ప్రారంభకుల సెట్ అని అమ్మేవాటిలో కూడా ఇలాంటి తాతలు కూర్చుని ఉండవచ్చు.

సరే, డబ్బు మాటేమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మన దగ్గర ఇవన్నీ దిగుమతి సరుకు, చవక కాదు. అయితే లెక్క కిట్ ధర దగ్గర ఆపితే లెక్క తప్పుతుంది. ముక్కలు కత్తిరించే నిప్పర్, చిన్న కత్తి, ట్వీజర్, జిగురు, ప్రైమర్, రంగులు, రెండు మూడు మంచి బ్రష్షులు, మాస్కింగ్ టేప్ ఏ కిట్ కొన్నా కొనాల్సిందే. మంచి కిట్‌కు వీటితో సరిపోతుంది. చెడ్డ కిట్‌కు పుట్టీ, రకరకాల ఎమెరీ కాగితాలు, విరిగిన స్తంభాల స్థానంలో పెట్టడానికి ఇత్తడి తీగలు అదనం. అన్నిటికన్నా ఖరీదైన అదనం సమయం. ఇంతకీ చౌక కిట్ అని చెబుతున్నది చిన్న ఓడా, పాత ఓడా? ఈ రెండింటినీ కలిపేయడమే అసలు గందరగోళం. 1/700 డిస్ట్రాయర్లు కొత్త అచ్చువైనా సరే, కిట్ల అంగట్లో అడుగు వరుసలోనే ఉంటాయి. పాతది, పెద్దది, చెడ్డది కొనే డబ్బుతో కొత్తది, చిన్నది, మంచిది కొనవచ్చు. పొదుపు చేయాల్సింది ఓడ పొడవులో, అచ్చు నాణ్యతలో కాదు.

దీనికన్నా బలమైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. "మేమంతా చెడ్డ కిట్లతోనే నేర్చుకున్నాం. కష్టపడి పుట్టీ పెట్టాం, రుద్దాం, అందుకే ఇంతవాళ్లమయ్యాం. కష్టం లేకుండా విద్య వస్తుందా?" అని పెద్దవాళ్లంటారు. వాళ్ల నైపుణ్యాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే ఈ మాట చెబుతున్నది ఎవరో గమనించండి. చెడ్డ కిట్‌ను దాటి నిలిచినవాళ్లు. అదే కిట్ దగ్గర విసిగి పెట్టెను అటక మీద పారేసి, మళ్లీ ఆ వైపు చూడనివాళ్లు సలహా ఇవ్వడానికి ఇక్కడ లేరు. ఏరు దాటినవాళ్లను మాత్రమే అడిగి ఏరు లోతు లేదని తేల్చడం లాంటిది ఇది. ఇక కష్టం సంగతి. పుట్టీ పనీ, రుద్దే పనీ నేర్చుకోవాల్సిన విద్యలే, ఎవరు కాదన్నారు? ప్రశ్న క్రమం గురించి. ముక్కను చట్రం నుంచి తెల్ల మచ్చ పడకుండా కొయ్యడం, కోసిన మొదలును సాపు చేయడం, జిగురు తగినంతే వాడటం, రంగు పలుచగా రెండు పూతలు వేయడం, ఏ ముక్కకు ముందు రంగు వేసి ఏది అతికించాక వేయాలో ఆలోచించుకోవడం, కొత్తవాడికి ఇప్పటికే అయిదు పాఠాలున్నాయి. వీటి మీద ఆరో పాఠంగా వంకర సరిచేయడం పెడితే మొదటి అయిదూ రావు. సంగీతంలో సరళి వరసలు ముందు పెట్టింది కష్టం తప్పించడానికి కాదు, ఒకసారి ఒక కష్టమే పడటానికి.

ఈ చౌకవాదానికి పూర్తిగా ఎదురుగా ఇంకొక సలహా కూడా తిరుగుతుంటుంది. పెద్ద ఓడ కొను, ముక్కలు పెద్దగా ఉంటాయి కాబట్టి తేలిక అని. దీన్ని ఎక్కువసేపు ఖండించనక్కర్లేదు, కూడికలు చాలు. జపాన్ యుద్ధనౌక యమాటో 263 మీటర్ల ఓడ, 1/350లో 75 సెంటీమీటర్లు. 1945 నాటికి దాని మీద 25 మిల్లీమీటర్ల విమాన విధ్వంసక తుపాకుల గొట్టాలు నూటయాభైకి పైగా ఉన్నాయి, ఎక్కువగా మూడేసి గొట్టాల గుంపులుగా. అంటే ఒకే చిన్న తుపాకీని కోసి, సాపు చేసి, అతికించి, రంగు వేసే పనిని దాదాపు యాభైసార్లు చేయాలి. పదోసారికి చెయ్యి తిరుగుతుంది, ఇరవయ్యోసారికి విసుగొస్తుంది, నలభయ్యోసారికి తుపాకులు ఎటు చూస్తున్నాయో కూడా పట్టదు. టామియా 2011లో కొత్తగా తీసిన 1/350 యమాటో అద్భుతమైన కిట్టే, ముక్కలు చక్కగా కుదురుతాయి. అయినా మొదటి కిట్ కాదు. దాని కష్టం ముక్క సైజులో లేదు, ముక్కల సంఖ్యలో ఉంది. జర్మనీ యుద్ధనౌక బిస్మార్క్‌దీ అదే కథ, పైగా తెలుపు నలుపు చారల వేషమొకటి. పెట్టె మీద కంటికి ఇంపుగా కనిపించే ఆ వాలు చారల్ని పడవల కిందా, నిచ్చెనల వెనకా టేపుతో సరిహద్దులు కట్టి దించాలి. 1941 మేలో చివరి యాత్రలో ఓడ అట్లాంటిక్‌లోకి వెళ్లేలోపు దాని సిబ్బందే ఆ చారల మీద రంగు పూసేశారు. వాళ్లకే ఓపిక లేని పని మనకెందుకు!

మంచి అచ్చు అన్నంత మాత్రాన అత్యాధునికమైనది, అన్నిటికన్నా సూక్ష్మమైనది కొనమని కాదు. నా మాటను అలా సాగదీసి వెక్కిరించేవాళ్లు ఉంటారు కాబట్టి ముందే చెబుతున్నా. చైనా కంపెనీ ఫ్లైహాక్ 1/700లో తీసే ముక్కలు చూస్తే కళ్లు తిరుగుతాయి, అంత సన్నగా, అంత వివరంగా ఉంటాయి. కానీ ఆ సన్నదనమే కొత్తవాడికి శత్రువు. ట్వీజర్ నుంచి చిట్లి గాలిలోకి ఎగిరిన ముక్కను చాప కింద వెతుక్కోవడం విద్యలో భాగం కాదు. అలాగే ఇత్తడి రేకులో చెక్కిన రెయిలింగులు కలిపి ఇచ్చే కిట్లు. ఓడ మీద వేలెడు మందం రెయిలింగు కడ్డీ 25 మిల్లీమీటర్లు అనుకుంటే 1/700లో అది 0.036 మిల్లీమీటర్లు కావాలి. ప్లాస్టిక్‌లో అంత సన్నగా పోతపోయడం కుదరదు కాబట్టే ఇత్తడి వచ్చింది, అది కూడా లెక్క ప్రకారం ఉండాల్సిన దానికన్నా మందమే. దాన్ని వంచి, సూపర్ గ్లూతో నిలబెట్టడం మూడో ఓడకో నాలుగో ఓడకో తగిన పని. మొదటి ఓడకు రెయిలింగు లేకపోతే లోకం మునగదు. కాస్త దూరం నుంచి చూసే ఏ ఓడకైనా రెయిలింగు కంటికి ఆనదు.

జిగురు, రంగు రెండూ అక్కర్లేకుండా నొక్కితే అతుక్కునే కిట్లున్నాయి కదా అంటారు ఇంకొందరు. ఫుజిమి 'నెక్స్ట్' వరుస అలాంటిదే, రంగు ప్లాస్టిక్‌లోనే కలిసి వస్తుంది. పదేళ్ల పిల్లలకు ఇవ్వడానికి నేను అభ్యంతరం చెప్పను. పెద్దవాడైన ప్రారంభకుడికి మాత్రం అది అటూ ఇటూ కాదు. చెడ్డ కిట్ తప్పును పోల్చుకోనివ్వకపోతే, ఇది తప్పు చేయడానికే చోటివ్వదు. ఈత నేర్చుకోవడానికి మోకాలి లోతు నీళ్లు కావాలి, బురదగుంటా వద్దు, ఎండిన చెరువూ వద్దు.

చివరగా మనసు సంగతి. "నాకు యమాటో అంటేనే ఇష్టం, ఎవరికీ తెలియని డిస్ట్రాయర్ కట్టి ఏం చేసుకోను?" అన్నది అభ్యంతరాలన్నిటిలో నిజమైనది. వారాల తరబడి సాయంత్రాలు కూర్చుని కట్టాలంటే ఆ ఓడ మీద మోజు ఉండాలి, అది లేకపోతే ఎంత మంచి అచ్చయినా మూలపడుతుంది. అయితే ఎవరికీ తెలియని డిస్ట్రాయర్ అన్న మాటే తప్పు. పెద్ద ఓడల కథలు చిన్న ఓడలు లేకుండా లేవు. 1944 అక్టోబరు 25న ఫిలిప్పీన్స్‌లో సమార్ తీరాన యమాటోతో సహా జపాన్ అడ్మిరల్ కురిటా నౌకాదళం అమెరికా చిన్న విమానవాహకాల మీద విరుచుకుపడితే, అడ్డు వెళ్లింది ఫ్లెచర్ తరగతి డిస్ట్రాయర్లు జాన్‌స్టన్, హోల్, హీర్మన్, వాటికన్నా చిన్న ఎస్కార్ట్ ఓడలు. వాటి టార్పెడోల నుంచి తప్పించుకోవడానికి ప్రపంచంలోకెల్లా పెద్ద యుద్ధనౌక దాదాపు పది నిమిషాలు యుద్ధానికి వీపు చూపి పరుగెత్తింది. జాన్‌స్టన్ ఆ రోజే మునిగింది. ఇప్పుడది 6,400 మీటర్లకు పైగా లోతున ఉంది. బిస్మార్క్ మోజైతే, 1941 మే 26 రాత్రి దాన్ని చుట్టుముట్టిన కొసాక్, మావోరి, సిఖ్, జులు, పోలండ్ నావికుల పియోరున్ అన్నీ డిస్ట్రాయర్లే. 1945 ఏప్రిల్ 6న యమాటో వెంట చివరి యాత్రకు ఎనిమిది డిస్ట్రాయర్లు బయల్దేరితే నాలుగు తిరిగొచ్చాయి. వాటిలో యుకికాజె యుద్ధమంతా బతికి బట్టకట్టిన ఓడగా జపాన్‌లో పెద్ద పేరున్నది. దాని కిట్లు 1/700లో ఉన్నాయి. యమాటోను కట్టే రోజు వచ్చినప్పుడు దాని పక్కన నిలబెట్టడానికి తోడు ముందే సిద్ధంగా ఉంటుంది. పెట్టె స్కేలు పాత కిట్ ఈ పనికి ఎందుకూ పనికిరాదు.

మన తెలుగువాళ్లకు ఇంకొక దగ్గరి దారి ఉంది. విశాఖ రామకృష్ణా బీచ్‌లో ఒడ్డున నిలిపిన కుర్సురా జలాంతర్గామిని చూసినవాళ్లు లక్షల్లో ఉంటారు. సోవియట్ ఫాక్స్‌ట్రాట్ తరగతిది, 91 మీటర్ల పొడవు, 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించింది, మరుసటేడు మ్యూజియమైంది. దాని పక్కన నిలబడి చూస్తే జలాంతర్గామి కిట్ కొత్తవాడికి ఎందుకు నప్పుతుందో ఎవరూ చెప్పనక్కర్లేదు: పొడవాటి పెంకు, మీద ఒక గోపురం, వెనక చుక్కానులు, మరల రెక్కలు. డెక్కు మీద తుపాకుల అడవి లేదు. మన నౌకాదళం సింధుఘోష్ తరగతి అని పిలిచే కిలో తరగతి జలాంతర్గామి కిట్ 1/350లో దొరుకుతుంది, పొడవు 20 సెంటీమీటర్ల పైచిలుకు. ముక్కలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కాకపోయినా యమాటో మీది తుపాకుల ముందు అవి ఏపాటి! ఒక్క లోపం మాత్రం ఉంది, దాచను. జలాంతర్గామి పెంకు రెండు సగాలు కలిసే గీత బయటికే కనిపిస్తుంది, కాబట్టి కాస్త రుద్దుడు తప్పదు. కానీ చుట్టూ చెరిగిపోయే సామాను లేదు కాబట్టి రుద్దడం నేర్చుకోవడానికి ఇంతకన్నా నిరపాయమైన చోటు లేదు. నీటి పైఓడల్లోనైతే మొదటిసారికి వాటర్‌లైన్‌దే తీసుకోవాలి. పూర్తి పెంకు కడితే కింద ఎర్ర రంగు, నీటిమట్టం దగ్గర నల్ల పట్టీ వస్తాయి. ఆ పట్టీని ఓడ చుట్టూ ఒకే ఎత్తులో గీయడం ఎంత చెయ్యి తిరిగినవాళ్లకైనా ఊపిరి బిగబట్టే పని.

కొనే ముందు చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. పెట్టె ముందు బొమ్మను చూడకండి. లోపలి చట్రాల ఫొటోలు చూడండి, అచ్చు మొదట ఏ ఏడాది తీసినదో అడగండి, కట్టే విధానం కాగితంలో ఎన్ని మెట్లున్నాయో లెక్కపెట్టండి. "కొత్త పెట్టె" అంటే "కొత్త అచ్చు" కాదని దుకాణదారుకు గుర్తుచేయడానికి మొహమాటపడకండి. పుట్టీ అవసరమా అని కట్టినవాళ్లను అడిగితే నిజం ఒక్క ముక్కలో బయటపడుతుంది. ఇవేవీ చేసే ఓపిక లేదు, ఒక్క పేరు చెప్పు అంటే చెబుతాను: టామియా 1/700 ఫ్లెచర్. అసలు ఓడ 175 ఓడలున్న తరగతికి మొదటిది, 1942 నాటిది. నమూనా పొడవు 16 సెంటీమీటర్లు. అయిదు ప్రధాన తుపాకులు, రెండు టార్పెడో గుంపులు, రెండు పొగగొట్టాలు. ఆ తరగతి ఓడల్లో చాలావాటికి పసిఫిక్‌లో వేసిన వేషం నిలువు గోడలకు నేవీ బ్లూ, డెక్కులకు డెక్ బ్లూ, రెండే రంగులు. దాన్ని కట్టి బల్ల మీద పెట్టాక ఎక్కడైనా సందు కనిపిస్తే, ఆ సందు మీదే.